ఇంటిగుట్టు

మా అల్లుడు మొదటిసారి "ఎక్స్ఛేంజి" అన్నప్పుడు నాకు కుండమార్పిడి గుర్తొచ్చింది. ఇప్పటి పిల్లలకి ఆ మాట తెలియకపోవచ్చు. వాళ్ళ పిల్లని మనింటికి, మన పిల్లని వాళ్ళింటికి కోడళ్ళుగా ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట. కట్నాల గొడవ లేదు గాని, ఈ ఇంట్లో కోడల్ని ఒక మాటంటే ఆ ఇంట్లో మన పిల్లకి రెండు పడేవి. ఆ భయంతో అత్తగార్లిద్దరూ నోరు అదుపులో పెట్టుకునేవారు. ఆ ఏర్పాటులో నాకు తెలిసిన సుగుణం అదొక్కటే.

"అది కాదత్తయ్యా, ఇది చదువు సంగతి" అన్నాడు అల్లుడు. పదహారేళ్ళ మా మనవరాలు పది నెలలపాటు జర్మనీలో ఒక కుటుంబంతో ఉంటుందట. వాళ్ళమ్మాయితోపాటు బడికి పోతుందట. వాళ్ళు అద్దె పుచ్చుకోరట, భోజనానికి డబ్బు పుచ్చుకోరట.

"ఎందుకు పుచ్చుకోరు?" అన్నాను.

"ఊరికే ఉంచుకుంటారండీ."

ఊరికే ఎవరైనా ఏదైనా ఇస్తున్నారంటే మనకి ముందు అనుమానం, తర్వాతే ఆనందం. పైగా పిల్ల ఇంటర్మీడియట్‌లో చేరవలసిన సంవత్సరం. మన రాష్ట్రాల్లో ఇంటర్ ఒక ఏడాది వెనకబడ్డ పిల్లని చూసి చుట్టాలు పలకరింపుకి వస్తారు, ఇంట్లో ఏదో జరిగిపోయినట్టు. మా వియ్యపురాలు ఆ పని చేయనే చేసింది. ఇంత జరిగినా పిల్ల పట్టు వదల్లేదు. వెళ్ళింది.

నిజం చెప్పొద్దూ, ఆ "ఊరికే" అన్న మాట నన్ను ఊరికే వదల్లేదు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషలు చెప్పినదాన్ని, రిటైరయ్యాక కూడా ఆ దురలవాటు పోలేదు. ఈ మార్పిళ్ళు ఎక్కడ పుట్టాయా అని వెతికితే, పుట్టింది బళ్ళలో కాదు, యుద్ధంలో. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు రణరంగాల నుంచి గాయపడ్డ సైనికుల్ని అంబులెన్సుల్లో ఆస్పత్రులకు చేర్చిన అమెరికన్ స్వచ్ఛంద సేవకులుండేవారు. ఆ సంఘం పేరు అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. రెండో యుద్ధంలోనూ వాళ్ళు అదే పని చేశారు. రెండుసార్లు కాళ్ళూ చేతులూ తెగినవాళ్ళని మోసి మోసి విసిగి, దెబ్బలు తగిలాక మోయడం కాదు, అసలు తగలకుండా చూడలేమా అనుకున్నారు. 1946లో పిల్లల్ని ఒకరి దేశం నుంచి ఒకరి దేశానికి పంపుదామని నిర్ణయించారు. 1947లో పది దేశాల నుంచి 52 మంది విద్యార్థులు అమెరికా వచ్చారు.

ఇంకో సంగతి నన్ను మరీ ఆపేసింది. 1951లో 75 మంది జర్మన్ పిల్లల్ని అమెరికాలోని మిచిగన్ రాష్ట్రానికి తీసుకొచ్చి అక్కడి ఇళ్ళల్లో పెట్టారు. యుద్ధం ముగిసి ఆరేళ్ళే అయింది. ఆ ఇళ్ళల్లో కొన్నిటి గోడల మీద, జర్మన్ల చేతుల్లో పోయిన కొడుకు ఫోటో ఉండి ఉంటుంది. ఆ ఫోటో కింద కూర్చుని ఒక జర్మన్ కుర్రాడు రొట్టె తింటుంటే ఆ ఇంటి తల్లి, "యుద్ధంలో మీ నాన్న ఏం చేసేవాడు నాయనా?" అని ఎప్పుడో ఒకనాడు అడిగే ఉంటుంది. వాడేం చెప్పాడో? తలుచుకుంటే గుండె ఒక్కసారి ఆగుతుంది.

ఫ్రాన్సువాళ్ళూ జర్మనీవాళ్ళూ అయితే డెబ్భై ఏళ్ళలో మూడుసార్లు కొట్టుకున్నారు. 1963 జనవరిలో డిగాల్, అడెనార్ కూర్చుని స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేసి, ఆ ఏడాదే యువజనుల రాకపోకల కోసం రెండు ప్రభుత్వాలకీ ఉమ్మడిగా ఒక కార్యాలయం పెట్టారు. అప్పట్నుంచి 90 లక్షలకు పైగా పిల్లలు అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ వెళ్ళొచ్చారు. మళ్ళీ ఆ ఇద్దరి మధ్యా యుద్ధం రాలేదు. పిల్లల వల్లే రాలేదని నేననను. కాని అత్తగార్ల నోళ్ళు అదుపులో ఉన్నాయి కదా.

సరే, మా పిల్ల సంగతికొస్తాను. పంపేముందు ఆ సంఘంవారు రెండు రోజులు కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. అందులో ముఖ్యమైనది: "నువ్వు మన దేశానికి రాయబారివి." దాంతో మా అమ్మాయి పెట్టెలో కొండపల్లి బొమ్మలు సర్దింది. ఒక కలంకారీ దుప్పటి సర్దింది. ఆవకాయ సీసాకి నాలుగు ప్లాస్టిక్ సంచులు తొడిగింది. నేను నా వంతుగా, "ఏమడిగినా నాలుగు మంచి ముక్కలు చెప్పవే, మన పరువు తీయకు" అని బోధించాను.

రాయబారి అంటే గుర్తొచ్చింది. హెన్రీ వాటన్ అని ఒక ఇంగ్లీషాయన 1604లో వెనీసుకి రాయబారిగా పోతూ, దారిలో ఒక మిత్రుడి పుస్తకంలో సరదాగా ఒక ముక్క రాశాడు. దేశం కోసం అబద్ధాలాడడానికి పరాయిచోటికి పంపబడ్డ నిజాయితీపరుడే రాయబారి అని దాని సారాంశం. కొన్నేళ్ళకి శత్రువొకడు దాన్ని అచ్చువేసి బయటపెడితే రాజుగారికి కోపం వచ్చింది. ఆయన చెప్పింది అబద్ధమై కాదు, నిజమయ్యే వచ్చి ఉంటుంది. పదహారేళ్ళ పిల్లని రాయబారివి అన్నప్పుడు మనం ఆ అర్థంలోనే అంటున్నామని అప్పుడు నాకు తోచలేదు.

మొదటి రెండు నెలలూ ఫోన్లలో వేడుకే వేడుక. రైన్ నదికి దగ్గర్లో చిన్న ఊరు. రాత్రి పూట పొయ్యి వెలిగించరట, రొట్టె, జున్ను, కోసిన దోసకాయ ముక్కలు, అదే భోజనం. చెత్త నాలుగు డబ్బాల్లో నాలుగు రకాలుగా వేయాలట. ఆదివారం చప్పుడు చేయకూడదట. ఆ ఇంటావిడ, "నన్ను పేరు పెట్టి పిలు, మీరు అనకు, నువ్వు అను" అందట. మనకిమల్లే వాళ్ళకీ నువ్వు, మీరు తేడా ఉంది. మా పిల్లకి ఆ నువ్వు నోట్లోంచి రాక, మీరూ కాక నువ్వూ కాక వాక్యాలన్నీ తిప్పి తిప్పి మాట్లాడేదట. నాకు ఆ మాట విని ఎంత సంతోషమైందో! మన పెంపకం, అనుకున్నాను.

నవంబర్లో ఒక ఆదివారం ఫోన్ వచ్చింది. వాళ్ళకి మధ్యాహ్నం, మనకి దీపాలు పెట్టేవేళ. పిల్ల గొంతు మామూలుగా లేదు.

వాళ్ళ వీధిలో, ఎదురింటి ముందర నడిచే దారిలో, బెత్తెడేసి ఇత్తడి పలకలు నాలుగు రాళ్ళ మధ్య పొదిగి ఉన్నాయట. గుంటర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు 1990ల్లో మొదలుపెట్టిన పని అది. ఇప్పటికి యూరప్ అంతటా లక్షకి పైగా పరిచారు. నాజీలు ఎవర్ని పట్టుకుపోయారో, వాళ్ళు తమ ఇష్టాన ఉన్న ఆఖరి ఇంటి ముందు ఆ పలక పెడతారు. "ఇక్కడ నివసించారు" అని, పేరు, పుట్టిన సంవత్సరం, తీసుకుపోయిన సంవత్సరం, ఏమయ్యారో. గుళ్ళో కాదు, స్తంభం మీద కాదు, నడిచేవాళ్ళ కాళ్ళ కింద. 1938 నవంబర్ 9 రాత్రి జర్మనీ అంతటా యూదుల దుకాణాలు, ప్రార్థనా మందిరాలు పగలగొట్టి తగలబెట్టారు. ఏటా ఆ రోజున చాలా ఊళ్ళల్లో జనం ఆ పలకల్ని తోమి, పక్కన కొవ్వొత్తి పెడతారు. ఆ సాయంత్రం మా పిల్ల ఉన్న ఇంటావిడ కూడా బకెట్టూ గుడ్డా పట్టుకుని వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని తోమింది. మా పిల్లా సాయం పట్టింది. ఇత్తడి తోమడం మనకి కొత్తా?

తిరిగొచ్చి రొట్టె తింటూ ఆవిడ చెప్పిందట: "ఆ కుటుంబాన్ని లారీ ఎక్కిస్తున్నప్పుడు మా తాత ఈ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. చూసి, తెర వేసుకున్నాడు. మా అమ్మమ్మ చనిపోయేముందు నాకు చెప్పింది." అని, కాసేపాగి మామూలుగా, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగిందట. "మీ ఇళ్ళల్లో అలా మాట్లాడుకోనివి ఏమైనా ఉంటాయా?"

మా రాయబారి ఏం చెప్పాలి? లేవండీ, మాది వసుధైక కుటుంబం అని చెప్పాలా లేదా? కొండపల్లి బొమ్మ చూపించాలా లేదా?

"నేను మన పనిమనిషి గ్లాసు సంగతి చెప్పాను, అమ్మమ్మా" అంది.

మీకు వేరే చెప్పాలా? మా పెరట్లో కుళాయి గట్టు మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తున్న మనిషిది. ఆమె టీ అందులోనే తాగుతుంది, తనే కడుక్కుని తనే బోర్లిస్తుంది. వంటింట్లో మిగతా గ్లాసులన్నీ రోజూ రెండు పూటలా తోమేది కూడా ఆమే. ఆ చేతులతో తోమినవి మేం తాగొచ్చు గాని, మా గ్లాసుతో ఆమె తాగకూడదు. ఇందులో తర్కం ఏమిటని ఎవరైనా అడిగితే "శుభ్రతండీ" అంటాం. మా ఊళ్ళో మా వీధిలో పది ఇళ్ళుంటే ఎనిమిదిళ్ళ పెరళ్ళలో ఆ గ్లాసు ఉంది, పింగాణీ కప్పో, స్టీలుదో, అంతే తేడా. పూర్వం పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి అని దాని మీద ఉద్యమాలు చేశారు. వంటింటికి ఉద్యమం రాలేదు.

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కోపం కూడా కాదు, ఒళ్ళంతా వేడెక్కింది. ఎక్కడో ముక్కూ మొహం తెలియని ఆవిడ ముందు నన్ను నిలబెట్టినట్టయింది. "ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారటే? నువ్వు విభీషణుడివి!" అని ఫోన్ పెట్టేశాను.

ఆ రాత్రి మావారితో పెద్ద వాదం. "చెప్పింది అబద్ధమా?" అన్నారాయన. అబద్ధం కాదు, కాని నిజమైనంత మాత్రాన ఎక్కడపడితే అక్కడ చెప్పాలా? 1927లో కేథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి "మదర్ ఇండియా" అని పుస్తకం రాసి మన దరిద్రాలన్నీ ఏకరువు పెడితే, గాంధీగారు దాన్ని మురుగుకాలవల ఇన్‌స్పెక్టరు రిపోర్టు అనలేదూ? "అన్నాడు. అదే వ్యాసంలో, భారతీయులు చదివితే మనకి మేలే అని కూడా అన్నాడు" అన్నారు మావారు. ఆయనకి ఇలాంటివి సమయానికి గుర్తొస్తాయి, మందులు మాత్రం గుర్తుండవు. "చూశారా, భారతీయులు చదవాలి అన్నాడు గాని జర్మన్లకి చెప్పాలనలేదు" అని నేను పట్టుకున్నాను. ఆ తేడా ఇప్పటికీ నాకు చిన్నదిగా తోచదు. మన తప్పు మనలో మనం ఒప్పుకుంటే దిద్దుబాటు. ఊరవతల చెబితే అది కాలక్షేపమైపోవచ్చు. వినేవాడు మన తప్పులో తన గొప్పని వెతుక్కోవచ్చు.

కాని, ఆవిడ అలాంటి మనిషి కాదే? తన తాత కిటికీ తెర సంగతి చెప్పాకే కదా అడిగింది. ముందు తన కుండ దించి, తర్వాతే మన కుండ అడిగింది. అక్కడ కొండపల్లి బొమ్మ ఇస్తే అది మార్పిడి కాదు, మోసం. ఇవన్నీ నాకు తెల్లవారుజామున తోచాయి. కాని తోచినంత మాత్రాన మంట చల్లారదు.

మరుసటి ఆదివారం నేనే ఫోన్ చేశాను. రాత్రంతా ఆలోచించి ఒక బాణం సిద్ధం చేసుకున్నాను. "నువ్వు నిజం చెప్పావు, వాళ్ళు నిన్ను మెచ్చుకునే ఉంటారు. ఎంత నిజాయితీగల పిల్ల అని. ఆ గ్లాసు ఎవరిది? ఆమెది. ఆ అవమానం ఎవరిది? ఆమెది. ఆమెనడిగి చెప్పావా? దాంతో మెప్పు నీకొచ్చింది. ఆమెకేమొచ్చింది?"

అటునుంచి చాలాసేపు మాట లేదు. ఏడుస్తోందేమో అనుకున్నాను. గెలిచాననే అనుకున్నాను, దాచడం ఎందుకు.

తర్వాత మెల్లిగా అంది. "అవునమ్మమ్మా. ఆవిడ బాగా మెచ్చుకుంది. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు, అందుకే నీకు ఫోన్ చేశాను. కాని విభీషణుడు ముందు ఇంట్లోనే చెప్పాడు కదా? నువ్వే నాకు కథ చెప్పావు. నిండు సభలో చెప్పాడు, రావణుడు తిట్టాడు, ఆ తర్వాతే సముద్రం దాటాడు అని. నేనూ ముందు ఇంట్లోనే అడిగాను. గుర్తుందా?"

గుర్తుంది. పిల్లకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. వేసవి సెలవులకి వచ్చి, ఆ గట్టు మీది గ్లాసు తీసి నీళ్ళు తాగబోతే నేను చేతిలోంచి లాక్కున్నాను. "ఎందుకు?" అంది. "అది ఆమె గ్లాసు, అంతే" అన్నాను. "మరి ఆమె నా గ్లాసుతో తాగచ్చా?" అంది. "పద, మామిడిపండు కోసిపెడతాను" అన్నాను. నిజమే, రావణుడిలా నేను తన్నలేదు. మామిడిపండు పెట్టాను.

అది జరిగిన ఏడు కూడా నేను తొమ్మిదో తరగతికి రాజ్యాంగం పాఠం చెప్పాను. పదిహేడో అధికరణం, అంటరానితనం రద్దు, ఏ రూపంలో పాటించినా నిషిద్ధం. "ఏ రూపంలో" అన్న మాట కింద గీత గీసుకోండి, పరీక్షలో వస్తుంది అని చెప్పేదాన్ని. వచ్చేది కూడా.

లంక చెడింది విభీషణుడు చెప్పిన గుట్టు వల్లా, సీతని ఎత్తుకొచ్చినందువల్లా? సామెత చేసినవాళ్ళు మొదటిదే పట్టుకున్నారు. ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి అదే సదుపాయం. నేను ఎన్నిసార్లు వాడానో ఆ సామెత!

అయినా ఒక విషయంలో నేను పిల్లతో ఇప్పటికీ ఏకీభవించను. పరాయింట్లో అడిగిన ప్రతిదానికీ ఇంటి కప్పు తీసి చూపించనవసరం లేదు. అతిథికి నిజం ఎంత ధర్మమో మర్యాదా అంతే ధర్మం. ఆ 1951 కుర్రాడు "మా నాన్న సైన్యంలో ఉన్నాడండీ" అని ఊరుకుని ఉంటే నేను వాణ్ణి తప్పుపట్టను. వాడు తండ్రి కొడుకు, తండ్రి న్యాయమూర్తి కాడు. ఈ మాట పిల్లతో అంటే, "కాని ఆ కుర్రాడి మనవరాలేగా అమ్మమ్మా ఇవాళ బకెట్టు పట్టుకెళ్ళింది" అంది. వాడి మనవరాలో కాదో ఎవరికి తెలుసు, మాటకి చెప్పింది. నేను జవాబు చెప్పలేదు.

పిల్ల జూన్‌లో తిరిగొచ్చింది. కాస్త పొడవైంది, చెత్త నాలుగు సంచుల్లో వేస్తానని రెండు రోజులు మా ప్రాణం తీసి, మున్సిపాలిటీ బండివాడు అన్నిటినీ ఒకే గుట్టలో పోయడం చూసి మానుకుంది. గ్లాసు మాట ఎత్తలేదు. ఇంటర్ కాలేజీలో చేరిపోయింది.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ జర్మన్ అమ్మాయి డిసెంబర్ సెలవులకి మా ఇంటికి వస్తోంది, రెండు వారాలు. కుండమార్పిడే అయింది చివరికి. ఆ పిల్లకి గ్లాసు సంగతి తెలుసు. అమ్మమ్మ ఎలా ఉంటుందో కూడా తెలుసు, ఫోన్లో నవ్వుతూ దండం పెట్టింది. వచ్చిన మొదటిరోజే పెరట్లోకి పోయి చూస్తుందని నాకు తెలుసు. చూడనట్టు చూస్తుంది, వాళ్ళు మర్యాదస్థులు.

మొన్న ఆ గ్లాసు తీసి అటక మీద పెట్టాను. పెట్టి కిందికి దిగాక నిచ్చెన పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇది వేసుకున్న తెర కాదూ? మళ్ళీ నిచ్చెనెక్కి దించి, కడిగి, గట్టు మీదే పెట్టాను. ఈ మోకాళ్ళతో రెండుసార్లు నిచ్చెన ఎక్కడం చూసి మావారు పేపరు దించి చూశారు గాని ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున ఆమె వచ్చి గిన్నెలు ముందేసుకుని కూర్చున్నాక టీ కలిపి, మేం తాగే గ్లాసులో పోశాను, మావారికీ నాకూ పోసినట్టే. తీసుకెళ్ళి చేతికిచ్చాను. ఇవ్వడంలో కూడా అలవాటు లేక, కింద పెట్టబోయి మళ్ళీ చేయి చాపాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని అందుకుంది. గ్లాసు కేసి చూసింది. నా కేసి చూసింది.

"ఎవరన్నా చుట్టాలొస్తన్నారా అమ్మగోరూ?" అంది.

"వస్తున్నారు, డిసెంబర్లో" అన్నాను.

తలూపి, టీ తాగింది. తాగి, ఆ గ్లాసుని రెండుసార్లు తోమి, తీసుకెళ్ళి కుళాయి గట్టు మీద తన పాత గ్లాసు పక్కనే బోర్లించింది.